రగ్బీ ఆటగాడు ఎక్కడ ఆడాలి: ఫ్రాన్సా, జపానా, ఇంగ్లండా, సొంత దేశమా?

1995 ఆగస్టు దాకా రగ్బీ యూనియన్‌లో ఆడినందుకు జీతం తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. న్యూజిలాండ్‌కో వేల్స్‌కో ఆడే పెద్ద స్టార్లు కూడా శనివారం మ్యాచ్ ఆడి, సోమవారం పొద్దున్నే తమ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు. వాళ్లలో టీచర్లు, పోలీసులు, రైతులు, డాక్టర్లు ఉండేవాళ్లు. ఆ నెలలో పారిస్‌లో కూర్చున్న అంతర్జాతీయ బోర్డు ఆ ఆంక్ష ఎత్తేసింది. ఇప్పుడు పాతికేళ్ల మంచి ఆటగాడికి ఒకేసారి రెండు మూడు దేశాల నుంచి ఆఫర్లు వస్తాయి. జవాబు చెప్పడానికి మాత్రం వారమో పది రోజులో టైమ్ ఇస్తారు.

మన దగ్గర ఈ ఆట చూసేవాళ్లు తక్కువే. కానీ ఆక్లాండ్‌లోనో సిడ్నీలోనో డబ్లిన్‌లోనో స్థిరపడిన తెలుగు ఇంట్లో పిల్లాడు స్కూల్లో రగ్బీ బంతి పట్టుకున్నాడంటే, ఈ ప్రశ్న ఏదో ఒక రోజు ఆ ఇంటికీ రావచ్చు. ఇక్కడ చెప్పేదంతా జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ గురించి. పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ వేరే ఆట, దాని సంగతి వేరు.

ఆఫర్ రాగానే చాలామంది జీతం ఎంత అని చూస్తారు. నేనైతే మ్యాచ్‌లు ఎన్ని అని ముందు అడగమంటాను. ఈ ఆటలో శరీరం ఓర్చుకునే దెబ్బలకు ఒక లెక్క ఉంటుంది. ముప్ఫై దాటిన కొన్నేళ్లకే చాలామంది ఆపేస్తారు. మోకాలో మెడో మొరాయించి పాతికలోనే ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. అంటే ఆటగాడి చేతిలో ఉన్న అసలు ఆస్తి అతను ఇంకా ఆడగలిగే మ్యాచ్‌లు. ఏ లీగ్ వాటిని ఎంత వేగంగా ఖర్చు చేయిస్తుంది, బదులుగా ఏమిస్తుంది అన్నదే నా దృష్టిలో అసలు పోలిక.

మ్యాచ్‌ల లెక్క

ఫ్రాన్స్ టాప్ 14లో పద్నాలుగు క్లబ్బులు. లీగ్ దశలోనే ఒక్కో జట్టుకు 26 మ్యాచ్‌లు. పైన ప్లే ఆఫ్స్, యూరప్ చాంపియన్స్ కప్. సెప్టెంబరు మొదట్లో మొదలైన సీజన్ జూన్ చివర్లో ఫైనల్‌తో ముగుస్తుంది. ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో ఇప్పుడు పది క్లబ్బులే, లీగ్ దశ 18 మ్యాచ్‌లు. ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ, దక్షిణాఫ్రికా జట్లు కలిసి ఆడే యునైటెడ్ రగ్బీ చాంపియన్‌షిప్‌లోనూ అంతే, 18. జపాన్ లీగ్ వన్ మొదటి డివిజన్‌లో కూడా 18. అయితే అక్కడ యూరప్ కప్ లాంటి రెండో టోర్నీ భారం లేదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, పసిఫిక్ జట్ల సూపర్ రగ్బీ పసిఫిక్‌లో 2025లో ఒక్కో జట్టు లీగ్ దశలో ఆడింది 14 మ్యాచ్‌లు.

దేశానికి ఆడేవాడైతే వీటి మీద ఏడాదికి మరో పది, పన్నెండు టెస్టులు. (రగ్బీలో దేశాల మధ్య జరిగే మ్యాచ్‌ను టెస్ట్ అంటారు. ఎనభై నిమిషాల్లో అయిపోతుంది.) కాబట్టి ఫ్రెంచ్ క్లబ్ జపాన్ క్లబ్ కంటే ఎక్కువ జీతం ఇస్తోందంటే, ఆ ఎక్కువను ఎక్కువ మ్యాచ్‌లతో భాగించి చూడాలి. ఒక్కోసారి తేడా ఏమీ మిగలదు.

జాతీయ జెర్సీ: సంతకంతో మూసుకునే తలుపు

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి.

న్యూజిలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్‌కు ఎంపిక కావాలంటే ఆ దేశంలోనే ఆడుతుండాలి. బయటికి వెళ్తే జెర్సీ వదులుకున్నట్టే. అయితే బోర్డుతో దీర్ఘకాలిక ఒప్పందం ఉన్న పెద్ద ఆటగాళ్లకు సబాటికల్ అనే వెసులుబాటు ఉంది. ఒక సీజన్ విదేశంలో ఆడి డబ్బు సంపాదించుకుని తిరిగి వస్తారు. బోడెన్ బారెట్ 2021లో జపాన్ జట్టు సన్‌టోరీకి ఆడి అదే ఏడాది మళ్లీ ఆల్ బ్లాక్స్‌లోకి వచ్చాడు. 2023 ప్రపంచకప్ తర్వాత ఆర్డీ సవేయా జపాన్‌లోనే కోబెలో ఒక సీజన్ ఆడి వచ్చాడు. అదే సమయంలో రిచీ మోఉంగా సబాటికల్ కాకుండా పూర్తి కాంట్రాక్ట్ మీద జపాన్‌లోని తోషిబా జట్టు బ్రేవ్ లూపస్‌కు వెళ్లాడు. 2024, 2025లో వరసగా రెండు లీగ్ టైటిళ్లు గెలిపించాడు. కానీ ఆ రెండేళ్లూ ఆల్ బ్లాక్స్ పదో నంబర్ జెర్సీ వేరేవాళ్లు వేసుకున్నారు. దక్షిణాఫ్రికా చేతిలో ఒక్క పాయింట్ తేడాతో ఓడిన 2023 ఫైనల్‌లో ఆ జెర్సీ అతనిదే.

సబాటికల్ కూడా పూర్తిగా భద్రం కాదు. డాన్ కార్టర్ 2008 చివర్లో ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాకు వెళ్లి ఐదు మ్యాచ్‌లు ఆడాడు. తర్వాత మడమ వెనక అకిలీస్ స్నాయువు తెగింది. ఆ సీజన్ అక్కడితో సరి.

ఇంగ్లండ్‌దీ దాదాపు ఇదే పద్ధతి. దేశంలోని క్లబ్బులకు ఆడేవాళ్లనే తీసుకుంటారు, అసాధారణ పరిస్థితి అయితే తప్ప. జాక్ విల్లిస్ కథ చూడండి. 2022 అక్టోబరులో అతని క్లబ్ వాస్ప్స్ దివాలా తీసింది. ఆటగాళ్లు, సిబ్బంది ఒక్క రోజులో ఉద్యోగం లేనివాళ్లయ్యారు. విల్లిస్‌ను ఫ్రెంచ్ క్లబ్ తులూజ్ తీసుకుంది. క్లబ్బే మూతపడింది కాబట్టి మినహాయింపు ఇచ్చి, 2023 ప్రపంచకప్‌లో కూడా ఇంగ్లండ్‌కు ఆడించారు. ఆ తర్వాత తులూజ్‌లోనే ఉండిపోయాడు. 2023, 2024, 2025 మూడు ఫ్రెంచ్ టైటిళ్లు, 2024లో చాంపియన్స్ కప్ గెలిచాడు. యూరప్‌లో అతని స్థానంలో అతని కంటే మెరుగ్గా ఆడేవాళ్లు ఎందరున్నారని అడిగితే జవాబు చెప్పడం కష్టం. అయినా ఇంగ్లండ్ జెర్సీ లేదు. అతని నిర్ణయం తప్పని నేను అనను. పాతికేళ్ల వయసులో ఒక క్లబ్ కూలిపోవడం కళ్లారా చూసినవాడు గట్టి పునాది ఉన్న చోటే నిలబడటం నాకు సహజంగానే కనిపిస్తుంది.

దక్షిణాఫ్రికా ఈ తలుపు తెరిచేసింది, లాభపడింది. చెస్లిన్ కోల్బే ఎత్తు 1.71 మీటర్లు. స్వదేశంలో ఆడినంత కాలం చిన్నవాడన్నారు. 2017లో తులూజ్ వెళ్లాడు, 2018లో స్ప్రింగ్‌బాక్ (దక్షిణాఫ్రికా జాతీయ ఆటగాడు) అయ్యాడు, 2019 ప్రపంచకప్ ఫైనల్లో ట్రై కొట్టాడు (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు). అతనికి విదేశీ క్లబ్ జాతీయ జట్టుకు మెట్టయింది. అర్జెంటీనాదీ తెరిచిన తలుపే, కానీ కారణం వేరు. 2019లో సూపర్ రగ్బీ ఫైనల్ దాకా వెళ్లిన వాళ్ల జట్టు హాగ్వారెస్ కోవిడ్ ఏడాదిలో ఆ టోర్నీకి దూరమై చెదిరిపోయింది. అగ్రశ్రేణి ఆటగాళ్లు విదేశాలకు వెళ్లక తప్పదు. ఫిజీ వాళ్లు ఎక్కడ ఆడినా దేశానికి పిలుస్తారు. పైగా 2022 నుంచి ఫిజియన్ డ్రువా అనే వాళ్ల జట్టు సూపర్ రగ్బీలో ఉండటంతో లౌటోకాలోనో సువాలోనో అమ్మానాన్నల ముందు ఆడుతూ జీతం తీసుకునే దారి కూడా దొరికింది. 2023 మార్చిలో లౌటోకా ఎండలో డ్రువా 25-24తో న్యూజిలాండ్ జట్టు క్రూసేడర్స్‌ను ఓడించిన రోజు చూసినవాళ్లకు, ఆ దారి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

దేశం మారే అవకాశం గురించి కూడా ఒక మాట. ఒకప్పుడు మూడేళ్లు నివాసముంటే కొత్త దేశానికి ఆడొచ్చు. న్యూజిలాండ్ నుంచి ఐర్లండ్‌లోని లెన్‌స్టర్ జట్టుకు వచ్చిన జేమ్స్ లో, జేమిసన్ గిబ్సన్-పార్క్ ఆ దారిలోనే ఐర్లండ్ ఆటగాళ్లయ్యారు. 2022 నుంచి అది ఐదేళ్లు. ఇరవై ఆరేళ్లకు వెళ్తే అర్హత వచ్చేసరికి ముప్ఫై ఒకటి. ఈ ఆశ చూపించి జీతం తగ్గించే క్లబ్ ఉంటే ఆ బేరం ఒప్పుకోవద్దు. అదే 2022 నుంచి మరో మార్పు వచ్చింది: ఒక దేశానికి ఆడినవాడు మూడేళ్లు టెస్టులకు దూరంగా ఉంటే, తాను పుట్టిన దేశానికో తల్లిదండ్రులో తాత అమ్మమ్మలో పుట్టిన దేశానికో ఒక్కసారి మారొచ్చు. ఆల్ బ్లాక్స్‌కు ఆడిన చార్ల్స్ పియుటావు తర్వాత టోంగాకు ఆడింది ఈ నియమం వల్లనే. సమోవా, టోంగా కుటుంబాల పిల్లలకు ఇది చాలా పెద్ద సంగతి.

ఫ్రాన్స్: డబ్బు, జనం, అలసట

టాప్ 14 క్లబ్‌కు శాలరీ క్యాప్ (ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి దాటకూడని మొత్తం) సుమారు 1.07 కోట్ల యూరోలు. ఇంగ్లండ్‌లో అది 64 లక్షల పౌండ్లు. ఏ కరెన్సీలోకి మార్చి చూసినా ఫ్రెంచ్ క్లబ్బు దగ్గరే ఎక్కువ డబ్బుంది. రెండో అంచె ప్రో డి2లో కూడా పదహారు ప్రొఫెషనల్ క్లబ్బులున్నాయి. ఇంగ్లండ్ కెప్టెన్‌గా చేసిన కోర్ట్‌నీ లాస్ 2024లో అక్కడి బ్రీవ్‌కు ఆడటానికి వెళ్లాడంటే ఆ అంచె స్థాయి అర్థమవుతుంది.

కానీ విదేశీ ఆటగాడు అర్థం చేసుకోవాల్సిన పదం ఒకటుంది: జిఫ్. చిన్న వయసులో ఫ్రెంచ్ అకాడమీలో మూడు సీజన్లు తయారైనవాళ్లకు ఆ హోదా ఇస్తారు. మ్యాచ్ రోజు 23 మంది జట్టులో సీజన్ మొత్తం మీద సగటున 16 మంది అలాంటివాళ్లు ఉండాలి. అంటే మిగతా ఏడు చోట్ల కోసమే ప్రపంచమంతా పోటీ. మామూలు స్థాయి విదేశీ ఆటగాడికి చోటు ఏటా కుంచించుకుపోతోంది. పద్దెనిమిదేళ్లకే ఫ్రెంచ్ అకాడమీలో చేరిన ఫిజీ కుర్రాడికి మాత్రం ఇదే వరం. మూడేళ్ల తర్వాత అతనికి జిఫ్ హోదా వస్తుంది, ప్రతి క్లబ్బుకూ కావలసినవాడవుతాడు. అయితే పద్దెనిమిదేళ్ల పిల్లాడిని భాష రాని దేశంలో, చలికాలంలో, ఒక చిన్న ఊళ్లో వదిలేయడం చిన్న విషయం కాదు. ఆ ఊళ్లో తమ ద్వీపం వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా, ఆదివారం చర్చికి తీసుకెళ్లే కుటుంబం ఉందా అని పసిఫిక్ తల్లిదండ్రులు అడగడంలో ఎంతో న్యాయం ఉంది. మన పిల్లల్ని హాస్టల్లో వేసేటప్పుడు మనం అడిగేదీ అదే కదా.

'జోకర్ మెడికల్' అనే తాత్కాలిక కాంట్రాక్ట్ కూడా అక్కడ ఉంది. క్లబ్బులో ఎవరైనా గాయపడితే, కోలుకునేదాకా వేరొకరిని తెచ్చుకుంటారు. మూడు నెలలో నాలుగు నెలలో ఉంటుంది. కాంట్రాక్ట్ లేక ఖాళీగా ఉన్న ఆటగాడికి తనేంటో చూపించుకునే అవకాశమే. కానీ సంసారం, పిల్లల స్కూలు ఉన్నవాడు దాన్ని నమ్ముకుని ఇల్లు మారకూడదు.

జపాన్: పద్ధతి, విశ్రాంతి, కంపెనీ

లీగ్ వన్ 2022 జనవరిలో మొదలైంది. జట్ల వెనక పెద్ద కంపెనీలున్నాయి: తోషిబా, సన్‌టోరీ, పానసోనిక్, టొయోటా, కుబోటా, కోబె స్టీల్. జపనీస్ ఆటగాళ్లలో చాలామంది ఇప్పటికీ ఆ కంపెనీల ఉద్యోగులే. ఆట అయిపోయాక అదే ఆఫీసులో కొనసాగుతారు. ఆటగాడి రిటైర్మెంట్ గురించి ఇంత నిశ్చింత ఇచ్చే ఏర్పాటు ఇంకో పెద్ద లీగ్‌లో నాకు కనిపించలేదు, విదేశీయుడికి అది దక్కకపోయినా సరే.

టోక్యో పక్కన ఫుచూ అనే ఊళ్లో సన్‌టోరీ, తోషిబా రెండింటి శిక్షణ మైదానాలూ ఉన్నాయి. సీజన్ డిసెంబరు నుంచి మే, జూన్ దాకా. జూలైలో టెస్టులు మొదలయ్యే దక్షిణార్ధగోళం ఆటగాడికి ఇది సరిగ్గా సరిపోతుంది. సబాటికల్‌కు ఎక్కువమంది జపాన్‌నే ఎంచుకోవడానికి ఇదే కారణం. ఫ్రాన్స్‌లో అయితే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా దక్షిణార్ధగోళం దేశాల టోర్నీ అయిన రగ్బీ చాంపియన్‌షిప్‌కూ క్లబ్బుకూ మధ్య నలిగిపోతాడు.

ఆట వేగంగా ఉంటుంది, పాస్‌లు ఎక్కువ, యూరప్ శీతాకాలంలా బురదలో ఎనభై నిమిషాలు కుస్తీ పట్టే మ్యాచ్‌లు తక్కువ. ముప్ఫై దాటిన ఫ్లై-హాఫ్‌కో (ఆట నడిపించే పదో నంబర్) ఫ్లాంకర్‌కో (బంతి కోసం వెంటపడే ఫార్వర్డ్) ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. ఇబ్బందల్లా చోటు దొరకడమే. ఆటగాళ్లను ఎ, బి, సి అని విభజించి, వేరే దేశానికి టెస్టులు ఆడినవాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టారు. కాబట్టి అక్కడికి పిలిచేది పెద్ద పేరున్నవాళ్లనే. స్వదేశంలో ఇంకా పేరు రాని ఇరవై నాలుగేళ్లవాడు వెళ్తే డబ్బు వస్తుంది కానీ, తిరిగి వచ్చేసరికి సెలెక్టర్లు అతన్ని మర్చిపోతారు.

ఇంగ్లండ్, ఐర్లండ్

ఇంగ్లండ్ గురించి క్లుప్తంగా. 2022-23లో వూస్టర్, వాస్ప్స్, లండన్ ఐరిష్ మూడూ కూలిపోయాయి. మిగిలిన పదింటిలో ఎవరి వెనక ఎవరి డబ్బుందో, అతను వెళ్లిపోతే ఏమవుతుందో తెలుసుకోకుండా సంతకం పెట్టొద్దు. ఇంగ్లండ్‌కు ఆడే అవకాశం నిజంగా ఉన్నవాడైతే అక్కడే ఉండటం మేలు. ఇప్పుడు బోర్డు కొద్దిమందికి నేరుగా అదనపు కాంట్రాక్టులు ఇస్తోంది, 2024 నవంబరులో మొదట 17 మందికి ఇచ్చింది. ఆ జాబితా దరిదాపుల్లో లేని ఇరవై ఎనిమిదేళ్లవాడికి ఫ్రాన్స్ మేలు.

ఐర్లండ్ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. నాలుగు ప్రావిన్సుల జట్లూ బోర్డు కిందే ఉంటాయి. ముఖ్యమైన ఆటగాళ్లకు బోర్డే సెంట్రల్ కాంట్రాక్ట్ ఇస్తుంది. ఎవరిని ఎప్పుడు ఆడించాలి, ఎప్పుడు కూర్చోబెట్టాలి అన్నది జీతమిచ్చేవాళ్లే ఆలోచిస్తారు. క్లబ్ ఒకవైపు, దేశం ఒకవైపు లాగే బాధ తక్కువ. పన్ను విషయంలోనూ వెసులుబాటు ఉంది: అక్కడి నివాసిగా రిటైరైన క్రీడాకారుడు గరిష్ఠంగా పదేళ్ల ఆట ఆదాయంలో 40 శాతానికి మినహాయింపు కోరి, కట్టిన పన్నులో కొంత వెనక్కి తీసుకోవచ్చు. జీతం అంకె ఫ్రాన్స్ కంటే చిన్నదిగా కనిపించినప్పుడు దీన్ని కూడా కలిపి చూడాలి. కానీ జట్లు నాలుగే. బయటివాడికి తలుపు ఇరుకు.

డాక్టర్ మాట ఎవరు వింటారు

తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని పన్నెండు నిమిషాలు బయటికి తీసుకెళ్తారు. స్టేడియం లోపల చిన్న గది. మనిషి ఒళ్లంతా ఆవిరి, గోళ్లలో మట్టి, నోట్లోంచి తీసిన మౌత్‌గార్డ్ చేతిలో. డాక్టర్ ఎదురుగా కూర్చుని అడుగుతాడు: మనం ఏ మైదానంలో ఉన్నాం? ఇది ఏ హాఫ్? చివర ఎవరు స్కోరు చేశారు? కొన్ని పదాలు చదివి తిరిగి చెప్పమంటాడు. గీత మీద మడమకు వేలు ఆనించి నడవమంటాడు. బయట జనం అరుస్తుంటారు, అసిస్టెంట్ కోచ్ ఫోన్ చేస్తుంటాడు. ఆ గదిలో డాక్టర్ 'లేదు' అంటే ఆ క్లబ్బులో అది చివరి మాటేనా? నా లెక్కలో ఏ కాంట్రాక్టులోనైనా ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు.

2003లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో హుకర్ (ముందు వరస మధ్యలో ఆడేవాడు) స్టీవ్ థాంప్సన్. తనకు డిమెన్షియా మొదలైందని 2020 డిసెంబరులో, నలభై రెండేళ్ల వయసులో చెప్పాడు. ఆ ఫైనల్ ఆడినట్టు అతనికి గుర్తు లేదు. ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి, దెబ్బ తీవ్రత కొలిచే మౌత్‌గార్డులు వచ్చాయి. అయినా క్లబ్ నుంచి క్లబ్‌కు తేడా ఉంటుంది. దాన్ని కనుక్కోవడానికి దారి ఒకటే: ఆ క్లబ్ వదిలి వెళ్లిన ఇద్దరు ఆటగాళ్లకు ఫోన్ చేసి, గాయమైనప్పుడు మిమ్మల్ని ఎలా చూశారని అడగడం. ఇప్పుడు ఉన్నవాళ్లు నిజం చెప్పలేరు.

మరి ఎవరు ఎక్కడికి

ఇరవై మూడేళ్ల లోపు, న్యూజిలాండ్‌లోనో ఇంగ్లండ్‌లోనో జాతీయ జట్టు వైపు నడుస్తున్నవాడు: కదలొద్దు. విదేశీ జీతం తర్వాతైనా వస్తుంది, జెర్సీ తర్వాత రాదు.

ఇరవై ఐదు, ఇరవై ఆరు వచ్చి, తన స్థానంలో ముగ్గురు ముందున్నవాడిది అందరికంటే కష్టమైన నిర్ణయం. కోచ్‌ను ముఖం మీదే అడగాలి, నేను మీ లెక్కలో ఉన్నానా అని. సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు. అప్పుడు ఫ్రాన్స్ వెళ్లడం మంచిది. ముఖ్యంగా స్క్రమ్‌లో (రెండు జట్ల ఫార్వర్డ్‌లు గుంపుగా ఒకరినొకరు నెట్టుకునేది) కుడివైపు మోసే టైట్‌హెడ్ ప్రాప్ అయితే ఆలోచించక్కర్లేదు. ఆ పని బాగా చేసేవాళ్లు ప్రపంచంలోనే తక్కువ, ఫ్రెంచ్ క్లబ్బులు స్క్రమ్ కోసం ప్రాణం పెడతాయి. పైగా ప్రాప్‌లు ముప్ఫై దాటాకే రాటుదేలతారు కాబట్టి తొందర కూడా లేదు. మైదానం అంచున పరుగెత్తే వింగ్ ఆటగాడి సంగతి దీనికి పూర్తిగా భిన్నం. వేగం ఉన్న నాలుగైదేళ్లలోనే సంపాదించుకోవాలి.

ముప్ఫై దాటి, దేశం తరఫున ఆడాల్సింది ఆడేసినవాడికి జపాన్. ఈ వయసులో 26 మ్యాచ్‌ల సీజన్‌కు వెళ్లొద్దనే చెబుతాను, ఎంత ఇచ్చినా సరే.

ఏడుగురు ఆడే సెవెన్స్ ఒలింపిక్స్‌లో ఉన్నా, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం ఇప్పుడు ప్రమాదం. ఐర్లండ్ 2025లో తన పురుషుల సెవెన్స్ కార్యక్రమాన్నే ఆపేసింది. మన దగ్గర అదే ఏడాది జూన్‌లో జీఎంఆర్, రగ్బీ ఇండియా కలిసి ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ నడిపాయి. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. భారతీయ కుర్రాళ్లు విదేశీ స్టార్ల పక్కన నిలబడి ఆడటం చూడటానికి సంతోషంగా ఉంది. కానీ రెండు వారాల టోర్నీ ఏడాది పొడుగునా ఇల్లు గడపదు. మన పిల్లలు చదువో ఉద్యోగమో పక్కన పెట్టుకునే ఇందులోకి రావాలి. కొత్త లీగుల పేరుతో పెద్ద మొత్తాలు చూపించేవాళ్లతోనూ జాగ్రత్త. 2025 అక్టోబరులో ఆర్360 అనే ప్రతిపాదిత లీగ్‌కు వెళ్లేవాళ్లను జాతీయ జట్లకు తీసుకోబోమని ఎనిమిది దేశాల బోర్డులు కలిసి ప్రకటించాయి.

సంతకానికి ముందు కాంట్రాక్టులో వెతకాల్సినవి: గాయంతో సీజన్ పోతే జీతం పూర్తిగా వస్తుందా, ఎన్ని నెలలు? టెస్టులకు వదిలినప్పుడు కోత పెడతారా? క్లబ్ కింది డివిజన్‌కు పడిపోతే జీతం తగ్గుతుందా, లేక వెళ్లిపోయే హక్కు ఉంటుందా? రెండో ఏడాది పొడిగించే హక్కు ఎవరిది, క్లబ్బుదా ఆటగాడిదా? ఇల్లు, విమాన టికెట్లు, పిల్లల స్కూలు ఫీజు నోటి మాటగా చెప్పారా, కాగితం మీద ఉన్నాయా? ఏజెంట్ కమిషన్ ఎవరు కడతారు? ఫ్రాన్స్‌లోనూ జపాన్‌లోనూ కాంట్రాక్ట్ వాళ్ల భాషలో ఉంటే, క్లబ్ ఇచ్చిన అనువాదం మీద ఆధారపడకుండా ఆ భాష వచ్చిన లాయర్‌కు సొంత డబ్బు ఇచ్చి చదివించుకోవాలి.